అవ్వ అడిగిన పాత బంగారం

భోజనాల గంట కొట్టగానే పిల్లలంతా అజేవా చుట్టూ మూగారు. టీచర్ అటు తిరిగి ఉందో లేదో చూసుకుని, అజేవా జేబులోంచి చిన్న మూట తీసింది. విప్పితే లోపల రెండు బంగారు కమ్మలు.

“నిన్ననే మా నాన్న కొన్నాడు. కొత్త బంగారం. గనిలోంచి తీసి నెల కూడా కాలేదట!” అంది.

పొకువా కూడా ముందుకు వంగి చూసింది. “బాగున్నాయే. మా మామయ్య కూడా ఇలాంటివి చేస్తాడు.”

“మీ మామయ్యా?” అజేవా ముక్కు చిట్లించింది. “ఆయన చేసేది పాత బంగారంతో కదే! విరిగిన ఉంగరాలు, తెగిన గొలుసులు. చచ్చిపోయిన ముసలమ్మల చెవుల్లోంచి ఊడదీసినవి!”

“యాక్!” అన్నారు పిల్లలు. ఒకడైతే చెవులు పట్టుకుని కిందపడి చచ్చిపోయినట్టు నటించాడు. అందరూ పడిపడి నవ్వారు.

పొకువా చేతిలో కాల్చిన అరటికాయ ఉంది. దాన్ని ఇక తినబుద్ధి కాలేదు.

పొకువాకు పదేళ్ళు. వాళ్ళమ్మ కుమాసి ఊళ్ళోని పెద్ద మార్కెట్లో బట్టలమ్ముతుంది, సాయంత్రం గానీ ఇంటికి రాదు. అందుకే బడి వదలగానే పొకువా అదూసే మామయ్య నగల కొట్టుకు వెళుతుంది. అక్కడే హోంవర్క్, అక్కడే ఆటలు.

ఆ రోజు ఆమె వెళ్ళేసరికి మామయ్య చెప్పులేసుకుంటున్నాడు.

“వెలిగారం అయిపోయింది. అది లేకపోతే బంగారం సరిగ్గా కరగదు. పది నిమిషాల్లో వస్తాను. బంగారం పెట్టెకు తాళం వేశాను, పక్క కొట్లో టైలరమ్మకి చెప్పాను. ఎవరైనా వస్తే కూర్చోబెట్టు.”

“సరే మామయ్యా,” అంది పొకువా. ఆమె గొంతు ముభావంగా ఉంది. మామయ్య ఒకసారి మొహంలోకి చూశాడు గానీ, హడావిడిలో ఏమీ అడగలేదు.

ఆయన అలా వెళ్ళగానే ఒక అవ్వ వచ్చింది. కాళ్ళ నిండా దుమ్ము. బయలుదేరి చాలాసేపైనట్టుంది. బెంచీ మీద కూర్చుని, తలగుడ్డ కొసతో చెమట తుడుచుకుంది.

“అమ్మాయీ, ఇది అదూసే కొట్టేనా?”

“అవునవ్వా. నేను ఆయన మేనకోడల్ని.”

“మీ మామయ్య పాత బంగారాన్నే కరిగించి నగలు చేస్తాడని విన్నాను. నిజమేనా?”

పొకువా చెవులు వేడెక్కాయి. బళ్ళో విన్న నవ్వు మళ్ళీ వినబడినట్టయింది. ఈ అవ్వ కూడా ఇప్పుడు ముక్కు చిట్లిస్తుందేమో!

“ఎవరు చెప్పారవ్వా మీకు? అన్నీ అబద్ధాలు!” అంది గబగబా. “మా మామయ్య దగ్గర అంతా కొత్త బంగారమే. గని నుంచి ఈ వారమే వచ్చింది. తళతళలాడుతోంది!”

 అవ్వ మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచింది.

“అయితే నాకు పనికిరాదు తల్లీ. అనవసరంగా ఇంత దూరం వచ్చాను,” అని వెళ్ళిపోయింది.

పొకువాకు ఏమీ అర్థం కాలేదు. కొత్తదంటే ఎవరైనా సంతోషిస్తారు కదా!

మామయ్య వెలిగారం పొట్లంతో తిరిగొచ్చి, “ఎవరైనా వచ్చారా?” అన్నాడు.

“ఒక అవ్వ వచ్చి వెళ్ళిపోయింది.”

“ఫొసువా అవ్వా? దుంక్వా ఊరి నుంచి వస్తానంది! వారం కింద ఫోన్ చేసింది. మనవరాలి చేతికి కట్టడానికి పూస కావాలంది. ‘పాత బంగారమేనా నాయనా’ అని ఒకటికి రెండుసార్లు అడిగింది. ఆమె కోసమే మూస తయారుచేసి ఆరబెట్టాను. ఎందుకు వెళ్ళిపోయింది?”

 పొకువా “తెలీదు” అనెయ్యొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ మామయ్య బల్లమీది మట్టి మూసను రెండు చేతులతో, గుడ్డును పట్టుకున్నట్టు, పట్టుకుని చూస్తున్నాడు.

“నేనే మామయ్యా,” అంది ఏడుపు గొంతుతో. “అంతా కొత్త బంగారమే అని చెప్పాను.”

“ఎందుకలా చెప్పావు?”

బళ్ళో జరిగిందంతా చెప్పింది. మామయ్య అరవలేదు. మూసను జాగ్రత్తగా బల్లమీద పెట్టాడు.

“దుంక్వా బండి నిండితే గానీ కదలదు. ఇంకా స్టాండులోనే ఉంటుంది. పద.”

“నువ్వు చెప్పు మామయ్యా. నాకు భయమేస్తోంది.”

“నేను చెబితే బేరం కోసం చెబుతున్నాననుకుంటుంది. అన్నది నువ్వు. నువ్వే చెప్పాలి.”

కొట్టుకు తాళం వేసి ఇద్దరూ బయలుదేరారు. మామయ్యకు మోకాలి నొప్పి. ఆయన కుంటుకుంటూ వస్తుంటే పొకువా ముందు పరిగెత్తింది. స్టాండులో డ్రైవర్లు ఊళ్ళ పేర్లు అరుస్తున్నారు. “దుంక్వా! దుంక్వా!” అన్న కేక విని అటు దూసుకెళ్ళింది. పాత వ్యాన్ కిటికీ పక్కన అవ్వ కూర్చుని ఉంది.

“అవ్వా! నేను అబద్ధం చెప్పాను!” అంది రొప్పుతూ. “మా మామయ్య దగ్గర ఉన్నదంతా పాత బంగారమే. మీరు రండి.”

అవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. “ఇందాక కొత్తదన్నావు. ఇప్పుడు పాతదంటున్నావు. ఇప్పుడు చెప్పేదైనా నిజమని నాకెలా తెలుస్తుంది?”

పొకువా వ్యాన్ కిటికీ అంచు పట్టుకుని నిలబడింది. 

“ఏంటమ్మా, బండెక్కాక బంగారం బేరమా?” అన్నాడు డ్రైవర్. “అవ్వా, దిగితే సీటు పోతుంది, ఆపైన నీ ఇష్టం!”

“నువ్వాగవయ్యా. ఇంకా ఎనిమిది సీట్లు ఖాళీ. రేపటిదాకా అరుస్తావు నువ్వు,” అంది అవ్వ. మళ్ళీ పొకువా వైపు తిరిగింది. “అబద్ధం ఎందుకు చెప్పావు?”

“సిగ్గేసింది అవ్వా. పాత బంగారమంటే చచ్చిపోయినవాళ్ళదని బళ్ళో నవ్వారు. మీరూ నవ్వుతారనుకున్నాను.” పొకువా కళ్ళు తుడుచుకుంది. “నా మాట నమ్మొద్దు అవ్వా. మీరొచ్చి కళ్ళతో చూడండి. మామయ్య మీ ఎదురుగానే కరిగిస్తాడు.”

అప్పటికి మామయ్య కూడా వచ్చాడు. కాస్త ఎడంగా నిలబడ్డాడు. అవ్వ ఆయన మొహం చూసింది, పొకువా మొహం చూసింది. తర్వాత చేతిసంచీ తీసుకుని దిగింది.

“చూస్తాను. నా కళ్ళు ఇంకా బాగానే కనిపిస్తాయి,” అంది.

కొట్లో మామయ్య పెట్టె తాళం తీసి, ఒక పళ్ళెంలో పాత నగలు పోశాడు. వంకరపోయిన ఉంగరం, జతలేని కమ్మ, తెగిన గొలుసు ముక్కలు. అవ్వ ఒక్కొక్కటీ వేళ్ళతో తిప్పి చూసింది. ఆ తర్వాత రుమాలు ముడి విప్పింది. అందులో ఒక ఉంగరం ఉంది. బాగా అరిగిపోయి ఒకచోట చీలింది.

“మా అమ్మది. ఇదీ కలుపు నాయనా.”

మామయ్య కుంపటి రాజేశాడు. నిప్పు పుంజుకునేదాకా ముగ్గురూ దాని చుట్టూ కూర్చున్నారు.

“అవ్వా, కొత్త బంగారం ఎందుకు వద్దు?” అని మెల్లగా అడిగింది పొకువా.

“మా ఇల్లు ఒఫిన్ నది ఒడ్డునే. నీ వయసులో ఆ నీళ్ళలో మునిగి, కళ్ళు తెరిస్తే అడుగున గులకరాళ్ళు కనిపించేవి. బంగారం కోసం ఒడ్లన్నీ తవ్వేశారు. మా కోకో తోటలో కూడా ఇప్పుడు గుంటలే. మట్టిలోంచి బంగారం తియ్యడానికి పాదరసం కలుపుతారు. అదంతా నదిలోకే పోతుంది. ఇప్పుడు ఆ నీళ్ళు పాలు పోసిన టీలా ఉంటాయి. చేపలు లేవు.”

అవ్వ పుల్లతో నిప్పులు ఎగదోసింది.

“ఆదివారం నా మనవరాలికి పేరు పెడతాం. బిడ్డ నాలుక మీద నీళ్ళ చుక్క వేస్తాం కదా, ‘నువ్వు నీళ్ళన్నావంటే అవి నీళ్ళే కావాలి, ఎప్పుడూ నిజమే చెప్పాలి’ అంటూ. నా బిడ్డలందరికీ నది నీళ్ళే వేశాను. ఈ పిల్లకి మాత్రం నీళ్ళ ప్యాకెట్ చింపి వెయ్యాలి.”

పొకువా తలవంచుకుంది. తనకూ ఆ మాట చెప్పే పేరు పెట్టారు.

“ఈ ఒక్క పూసతో నది బాగుపడదని నాకూ తెలుసు,” అంది అవ్వ. “అయినా నా మనవరాలి చేతికి బంగారం పెట్టడానికి ఇంకో గుంట తవ్వక్కర్లేదు కదా. అదే నాకు చాలు.”

మామయ్య నగలన్నీ చిన్న మట్టి గిన్నెలో వేసి, వెలిగారం చల్లి, నిప్పుల మధ్య పెట్టాడు. ముందు గొలుసు ముక్కలు కుంగాయి. తర్వాత కమ్మ. చివరికి అవ్వ తెచ్చిన ఉంగరం కూడా కరిగి అందులో కలిసిపోయింది. ఇక ఏది ఎవరిదో ఎవరూ చెప్పలేరు. కాగిన పామాయిల్ రంగులో ఒకే ఒక్క ముద్ద, గిన్నె అడుగున వణుకుతూ మెరిసింది.

“అమ్మో!” అంది పొకువా. ఎన్నోసార్లు చూసిందే అయినా, ఇంత దగ్గరగా కూర్చుని ఎప్పుడూ చూడలేదు.

మామయ్య దాన్ని మూసలో పోశాడు. చల్లారాక మట్టి పగలగొట్టాడు. లోపల శనగగింజంత పూస! ఆకురాయితో రాసి, మెరుగుపెట్టి, అవ్వ అరచేతిలో పెట్టాడు. అవ్వ దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, పొకువా చేతికిచ్చింది.

“నువ్వూ పట్టుకుని చూడు. నీ వల్లే పోయింది, నీ వల్లే వచ్చింది,” అని నవ్వింది.

మూడు రోజుల తర్వాత అజేవా వాళ్ళమ్మతో కలిసి కొట్టుకు వచ్చింది. పొకువాను చూసి మొహం పక్కకు తిప్పుకుంది. వాళ్ళమ్మ ఒక గాజు తీసి చేతికి వేసుకుంది. అది సరిగ్గా సరిపోయింది.

“చాలా బాగుంది. కొత్త బంగారమే కదా పాపా?”

మామయ్య లోపల సుత్తితో కొడుతున్నాడు. పొకువా గుండె కూడా అలాగే కొట్టుకుంది.

“కాదు ఆంటీ. పాతదే. మా దగ్గర అంతా పాత బంగారమే.”

ఆవిడ గాజు తీసి బల్లమీద పెట్టేసింది. “అయితే వద్దులే అమ్మా,” అని అజేవా చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

“మామయ్యా, బేరం పోయింది,” అంది పొకువా.

“విన్నాను,” అన్నాడు మామయ్య. అంతే. కానీ ఆ సాయంత్రం తన వాటా వేరుశనగలు కూడా ఆమె పొట్లంలోనే పోశాడు.

మర్నాడు బళ్ళో అజేవా ఆమె పక్కనే వచ్చి కూర్చుంది. “కొత్తదని చెప్పి ఉంటే మా అమ్మ కొనేసేది కదే. ఎందుకు చెప్పలేదు?”

పొకువా అవ్వ గురించి చెప్పింది. టీ రంగు నది గురించి, నీళ్ళ ప్యాకెట్ గురించి చెప్పింది. అజేవా ఈసారి నవ్వలేదు. గంట కొట్టేదాకా వింటూనే ఉంది.

ఆ సాయంత్రమే కొట్టు గుమ్మంలో నిలబడి, “పొకువా, ఇలా రా!” అని గుసగుసగా పిలిచింది. పిడికిలి విప్పితే అందులో ఒకే ఒక్క చెవి రింగు.

“దీని జత ఎప్పుడో పోయింది. మా అమ్మ పెట్టె అడుగున పడి ఉంది. కరిగించడానికి మీ మామయ్యకి పనికొస్తుందా?”

పొకువా కళ్ళు మెరిశాయి. చెయ్యి చాపింది. అంతలోనే వెనక్కి తీసుకుంది.

“మీ అమ్మకి చెప్పే తెచ్చావా?”

అజేవా కాలితో నేల మీద గీతలు గీసింది. “చెబితే ఇవ్వదే! ఆవిడకి ఇది ఉన్నట్టే గుర్తులేదు. మా అమ్మే పంపిందని మీ మామయ్యతో అందాం.”

“వద్దు. పద, మీ ఇంటికెళ్ళి ఇద్దరం అడుగుదాం. అవ్వ సంగతంతా నేనే చెబుతాను.”

“మా అమ్మ తిడితే?”

“అప్పుడు నువ్వు నా ముందు నిలబడు,” అంది పొకువా.

అజేవా కిసుక్కున నవ్వింది. “మామయ్యా, ఇప్పుడే వస్తాం!” అని పొకువా లోపలికి కేకేసింది. ఇద్దరూ రింగును రుమాల్లో ముడివేసుకుని రోడ్డెక్కారు.