ఆండాలు పెట్టని చుట్ట

ఛత్రినాకల ఆ గల్లీ చివరింటి బాత్రూం పేరెత్తితే ఆడోళ్లు ఇప్పటికీ చెంపలేసుకుంటరు. పొద్దుగూకినంక అటు పోవద్దంటరు. అండ్ల ఆగయ్య ఉన్నడట... చెప్పినోళ్లు ఉత్తగ చెప్పేటోళ్లు కాదు — ఒక్క పక్కింటి విమలాదేవి తప్ప.

ఆగయ్య పాల వ్యాపారం చేసినోడు. ఆయనకు రెండే పట్టింపులు. ఒకటి చుట్ట. అది బాత్రూంల కూసోని తాగితేనే పానం సల్లవడేది. రెండోది కరెంటు భయం. ఉరిమినా, ఎక్కడన్న వైరు వాసనొచ్చినా, మెయిన్ బోర్డు మీది ఫ్యూజు పీకి, పక్కన గోడ గూట్ల పెట్టి పండుకునేటోడు. ఫ్యాను లేక ఆయన భార్య ఆండాలు చెమటల నానుకుంట తిట్టేది.

"గీ మనిషితోని ఏగలేక సస్తున్న!"

ఏగింది. సచ్చింది మాత్రం ఆయనే.

దినాలల్ల, ఆయనకు ఇష్టమైనయి పిట్టకు పెట్టిన నాడు ఆండాలు కూర పెట్టింది, కల్లు పెట్టింది. చుట్ట మాత్రం పెట్టలే. "బతికినన్ని దినాలు ఆ కంపు నేను మోసిన. ఇంక పిట్టెందుకు మొయ్యాలె?" అన్నది. కాకి శానసేపు ముట్టలే. పక్కింటి విమలాదేవి అది మనసుల పెట్టుకున్నది.

తర్వాత కొడుకు నందు, ఆ చుట్ట కంపు పోవాలని, బాత్రూంల గాలి బయటికి గుంజే ఫ్యాను పెట్టిండు. ఫోన్ల వీడియో చూసి తనే పెట్టిండు. లైటు వైరుకే దీని వైరు మెలేసి టేపు సుట్టిండు. లైటేస్తే ఫ్యాను తిరుగుతది. ఏం తెలివి!

ఆ రాత్రే మొదలైంది.

ఖళ్... ఖళ్...

"అత్తమ్మా... మామ దగ్గుతుండు," కోడలు లావణ్య గుసగుసలాడింది.

గాలికి ఫ్యాను మూత తట్టుకుంటుందో, ఇంకేందో... ఆండాలు అటు తిరిగి పండుకున్నది. "దగ్గనియ్యి. బతికున్నప్పుడు చెప్తె ఇన్నడా?"

తెల్లారి గోడ మీదికెల్లి విమలాదేవి తల పెట్టింది. "ఒక్క చుట్ట పెట్టరాదు వదినా? శాంతిస్తడు."

"పెట్ట!"

పెడితే తప్పు తనదని గల్లీ అంతటికి చాటినట్టే గదా. బదులుగ ఆండాలు, దెయ్యం వచ్చే తొవ్వనే మూసింది. బోనాలప్పటి ఎండిన యాపమండలు, నల్ల గొంగడి ముక్క, నడుమ నిమ్మకాయ — అన్నీ ఫ్యాను నోట్ల కుక్కింది. మనుమరాలు అఖిల జడుసుకుంటదని బాత్రూం లైటు రాత్రంత ఆర్పలే.

దగ్గు బందయింది... మూలుగు మొదలైంది.

ఊఁ... ఊఁ... పండ్లు కొరుక్కుంట మూలిగినట్టు. దానెంబడే కాలిన వాసన. అచ్చం చుట్ట!

అఖిలకు జరమొచ్చింది. "తాత పిలుస్తుండు," అని కలవరించింది. లావణ్య పిల్లను ఒడిల పెట్టుకొని ఏడ్చింది. "దీనికేమన్నయితే ఎట్ల అత్తమ్మా?"

అప్పుడు మెత్తవడ్డది ఆండాలు. అందరు పండుకున్నంక — విమలాదేవి ఇంట్ల టీవీ ఇంక మోగుతనే ఉన్నది — కొంగున చుట్ట, అగ్గిపెట్టె ముడేసుకొని, అడుగుల చప్పుడు కాకుంట పోయింది. తలుపు తోసింది.

గోడల... యాపమండల నడుమ... ఎర్రగ ఒక కన్ను.

మెరిసింది... మసకవడ్డది... మల్ల మెరిసింది. ఎవరో దమ్ము గుంజుతున్నట్టు పొగ.

ఆండాలుకు భయం కంటె కోపం పెద్దది.

"నేను తెచ్చేదాక ఆగకుంట నువ్వే ముట్టిచ్చుకున్నవా?"

బకెట్ల మగ్గు ముంచి, మొగం మీద కొడదామని చెయ్యి లేపింది —

టప్.

చీకటి. మూలుగు ఆగింది. నీళ్లు అప్పటికే చెయ్యి దాటినయి. సుయ్యిమన్నది ఏదో. ఆండాలు కేక గల్లీ అంత ఇనవడ్డది.

తెల్లారి ఎలక్ట్రీషియన్ ఎల్లప్ప వచ్చిండు. ఫ్యాను పెట్టనీకి తనను పిలవలేదని వానికి కడుపుల మంట. కరిగిన ఫ్యానును పీకి నందు ముందట పడేసిండు.

"గిదిగో మీ బాపు! నోరు మూస్తే మోటరు తిరుగుతదా? తిరగలేక మూలిగింది, కాలింది. ఆవిరిల వైరుకు టేపు సుట్టి యేలాడదీస్తరా ఎవరన్న? వైరు ముళ్లు డబ్బాల ఉండాలె. ఫ్యానుకు దాని స్విచ్చు దానికి, దాని సన్న ఫ్యూజు దానికి ఉండాలె. పండుకునే ముందు బందు పెట్టాలె. దుమ్ము తుడవాలె, యాపమండలు కాదు పెట్టుడు!"

ఎల్లప్ప ఆండాలు దిక్కు తిరిగిండు.

"పెద్దమ్మా, నువ్వు నీళ్లు గొట్టినప్పుడు కరెంటుంటే ఇయ్యాల నీకు పిట్టకు పెట్టే ముచ్చట ఉండేది. ఫ్యూజు పీకినోళ్లు మంచిగ పీకిండ్రు."

"నువ్వే గదరా నందూ?"

"నేను నీ కేకకే లేసిన అమ్మా."

లావణ్య పిల్ల పక్కనుంచి కదలనే లేదు.

"కాలిపోయుంటది," అన్నది ఆండాలు.

"కాలితే బోర్డుల ఉంటది గద," అన్నడు ఎల్లప్ప.

బోర్డుల లేదు. పక్కన గోడ గూట్ల ఉన్నది... సక్కగ, నిలువుగ. దాని తీగ సుత తెగలే.

ఎల్లప్ప సంచి సర్దుకొని బయటపడ్డడు.

ఆండాలు గూటి దిక్కే చూసుకుంట నిలవడ్డది. మెల్లగ కొంగు ముడి విప్పి, చుట్ట తీసి ఫ్యూజు పక్కన పెట్టింది.

"బయట కూసోని తాగు," అని గొణిగింది.

అగ్గిపెట్టె మాత్రం మల్ల కొంగునే ముడేసుకున్నది.