ఇంకొక్క మెట్టు

ఆదివారం మధ్యాహ్నం. పరీక్ష గదికి కిటికీల్లేవు. లోపలున్న మనిషి కదలకపోతే కాసేపటికి దీపాలు వాటంతటవే ఆరిపోతాయి. చెయ్యి ఊపితే మళ్ళీ వెలుగుతాయి. మూడు వారాలుగా సెలవు మొహం చూడని ఆమెకు చెయ్యి ఊపడం కూడా ఒక చాకిరీలాగే ఉంది.

బల్ల మీద బోర్డు, బోర్డు మీద గోరంత చిప్. అది ఐదు గిగాహెర్ట్జ్ వేగంతో గంటసేపు తడబడకుండా నడవాలని, రేపటికల్లా ఆమె సంతకం కావాలని మేనేజరు పట్టు. వేగం పెంచితే చిప్ లెక్క తప్పుతుంది. లెక్క తప్పకూడదంటే వోల్టేజి పెంచాలి. అది పెంచితే చిప్ ఒళ్ళు కాలిపోతుంది.

ఆమెకు పని నేర్పి, నిరుడు పోయిన పెద్దాయన్ని అందరూ చాలయ్య అని ఏడిపించేవారు. "వేగం వీసమెత్తు పెరగడానికి వేడి వీశెడు పెరిగిందా, ఇక చాలమ్మా," అనేవాడు. ఒక్కో మెట్టుకీ వేళ, వోల్టేజి, వేడి రిజిస్టరులో రాయించేవాడు. చిప్ చచ్చిపోతే వేడి గడిలో అంకెకు బదులు అడ్డగీత.

ఆయన చెప్పిన హద్దు ఆమె పొద్దున్నే దాటేసింది.

ఇంట్లో నాలుగేళ్ళ కొడుక్కి జ్వరం. భర్త ఊళ్ళో లేడు. పదకొండేళ్ళ కూతురికి మందు సీసా మీద గీత గీసి చూపించి, అరగంటకోసారి సెల్సియస్ థర్మామీటరుతో జ్వరం చూసి ఫోన్ చెయ్యమని అప్పగించి వచ్చింది. రెండు గంటల్లో వచ్చేస్తానని చెప్పి వచ్చి, అప్పుడే ఐదు గంటలు గడిచాయి.

చిప్ మళ్ళీ తడబడింది. "ఇంకొక్క మెట్టు," అని గొణిగి వోల్టేజి నాబ్ తిప్పింది. టిక్. సన్నగా కాలిన వాసన. చిప్ పోయింది.

నిట్టూర్చి, పవర్ సప్లై తీగ గోడ నుంచి పీకేసింది. ఫ్యాను మూలిగి ఆగింది. గదిలో చప్పుడు లేదు.

చిప్ వేడిని చూపించే పక్క కంప్యూటరు తెర మీద మాత్రం కొత్త వరుస పడింది. వేడి ముప్పై ఎనిమిది పాయింటు రెండు.

ఫోన్ మోగింది.

"అమ్మా, ముప్పై ఎనిమిది పాయింటు రెండు. వీడేమో థర్మామీటరు కొరికేస్తున్నాడు."

"వస్తున్నా నాన్నా. అలాగే పెట్టి ఉంచు," అంటూ ఆమె సంచీ అందుకుంది.

టిక్.

నాబ్ దానంతటదే ఒక మెట్టు పైకి తిరిగింది. పీకిన తీగ ఇంకా నేల మీదే ఉంది... తెర మీద ముప్పై తొమ్మిది.

"అమ్మా... ముప్పై తొమ్మిది అంటోంది."

గభాల్న నాబ్ వెనక్కి తిప్పింది. ఒక మెట్టు. ఇంకో మెట్టు.

"తగ్గుతోందే!" పిల్ల గొంతులో ఆశ్చర్యం.

ఆమె చెయ్యి తీసింది. టిక్. మళ్ళీ పట్టుకుంది. తీసింది. టిక్... టిక్.

ఫోను స్పీకరులో వేసి బల్ల మీద పెట్టి, రెండు చేతులా నాబ్ బిగించి నిలబడింది. ఇంటికి పరుగెత్తాలి. వదిలితే?

అలా ఎంతసేపు నిలబడిందో... కదలిక లేక దీపాలు ఆరిపోయాయి. చెయ్యి ఊపాలంటే నాబ్ వదలాలి.

వేళ్ళ కింద నాబ్ పైకి తిరగాలని ఒత్తుతోంది. ఓపిగ్గా... అలసటగా. చెవి పక్కన ఎవరో నిట్టూర్చారు.

"ఇంకొక్క మెట్టు."

అది ఆమె గొంతే.

"చాలు," అంది. "ఇక చాలు."

"అమ్మా, బయల్దేరావా?" ఫోన్లోంచి కూతురు.

తెర వెలుగు బల్ల మీదున్న రిజిస్టరు మీద పడుతోంది. ఆమె రాయని ఐదు వరుసలు, ఆమె చేతిరాతలోనే ఉన్నాయి. మొదటి వరుసలో వేళ మూడూ నలభై. తెర మీద గడియారం ఇంకా మూడూ ముప్పై తొమ్మిదే చూపిస్తోంది.

వేడి వరుస వరుసకీ పెరుగుతూ పోయింది. చివరి వరుసలో వేళ ఐదు గంటలు. వేడి గడిలో అడ్డగీత.

సిరా ఇంకా తడిగానే ఉంది.