సీలు అంచు మీద గీత

"దారిలో వెనక చక్రం ఊడి వచ్చేస్తే ఏం చేస్తావే?" అన్నాను.

అప్పటికి బండి ఇంకా షాపు ముందే ఉంది. మా అమ్మాయి తాళం కూడా తిప్పలేదు.

"చక్రాలు అలా ఊరికే ఊడవమ్మా."

"మరి ఆ ఏడుపేమిటి?"

వారం రోజులుగా మా పికప్ వెనక నుంచి ఎవరో సన్నగా ఏడుస్తున్నట్టు చప్పుడు వస్తోంది. స్పీడు పెరిగేకొద్దీ ఏడుపూ పెరుగుతోంది. మాది కిటికీ అద్దాల షాపు. గాజు పలకలు నిలబెట్టి కట్టిన ఆ బండిని నడిపేది మా అమ్మాయే. ముందు గుంటలు, వెనక గాజు, మధ్యలో నా కూతురు. నాకు ముద్ద ఎలా దిగుతుంది?

అందుకే మెకానిక్ షెడ్డుకి నేనూ వెంట వెళ్ళాను.

మెకానిక్‌కి ముప్ఫై ఏళ్ళుండవు. చక్రం విప్పి, బ్రేకు డ్రమ్ము తీసి చూపించాడు. లోపలంతా నల్లటి జిడ్డు.

"బేరింగ్ పోయింది. ఆయిల్ సీలూ పోయింది."

"ఇంకా?" అంది మా అమ్మాయి.

"రెండు వైపులా మార్చాలి."

"ఇంకా?"

"రెండు రోజులు."

"రోజుకి ఇన్నే మాటలని రేషన్ పెట్టుకున్నారా?"

అతను నవ్వలేదు. కానీ స్పానర్‌ని తిరగేసి పట్టుకుని నట్టు మీద పెట్టాడు. అది నేను చూశాను.

ఇంటికొచ్చే దారిలోనే మా అమ్మాయి అతనికి మ్యూట్ బటన్ అని పేరు పెట్టేసింది. అదీ విన్నాను.

మర్నాడు వెళ్ళేసరికి కొత్త బేరింగ్‌ని యాక్సిల్‌కి ఎక్కించి, ఇరుసు గొట్టం మూతిలో కొత్త సీలు కూర్చోబెట్టి ఉంచాడు. సీలంటే ఉంగరంలాంటి రబ్బరు ముక్క. లోపలి నూనె బ్రేకుల మీదికి రాకుండా ఆపేది అదే. ఇక చక్రాన్ని తిప్పే మూడడుగుల ఇనుప యాక్సిల్‌ని దాని నడుమ నుంచి లోపలికి తోయాలి.

"బరువు సీలు మీద ఆనకూడదు. కడ్డీ చివరి పళ్ళు తగిలితే రబ్బరు తెగుతుంది," అన్నాడు.

"అబ్బో, రెండు పూర్తి వాక్యాలు!" అంటూ మా అమ్మాయి కూడా ఒక చెయ్యి వేసింది.

బయట వాన మొదలైంది. ఇద్దరి తలలూ దగ్గరగా వచ్చాయి.

"కొంచెం పైకి."

"ఇంతా?"

"ఇంకొంచెం."

"మీ చెయ్యి వణుకుతోందేం?"

"బరువు."

"బరువంతా నా వైపుంటే వణుకు మీకా!"

అతని చెవులు ఎర్రబడ్డాయి. నాకేమో ఆ ఇనుప కడ్డీ జారి మా అమ్మాయి పాదం మీద పడబోతోందనే అనిపిస్తోంది. ఇక ఉండబట్టలేక, "జాగ్రత్తే!" అని కేక పెట్టాను.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. యాక్సిల్ ఒక్క వేలి మందం కిందికి దిగి, సీలుకి తగిలి, మళ్ళీ లేచింది. అతను ఆగాడు. సీలు చూద్దామని బల్ల మీదున్న టార్చ్ వైపు చెయ్యి చాపాడు.

"ఇంకా ఎంతసేపు బాబూ? ఈ వానలో ఇల్లు చేరద్దా?" అన్నాను.

చాపిన చెయ్యి వెనక్కి వచ్చింది. యాక్సిల్ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తరవాత నాలుగు రోజులు, సరిగ్గా సాయంత్రం ఆరింటికి ఫోను మోగేది.

"చేరారా?"

"చేరాను."

"చప్పుడుందా?"

"బండిలో లేదు, మీలోనూ లేదు. కాస్త మాట్లాడండి బాబూ!"

పెట్టేశాక కూడా మా అమ్మాయి ఆ ఫోన్నే చూసుకుని నవ్వుకునేది. మంచివాడిలాగే ఉన్నాడు అనుకునేదాన్ని. వెంటనే, ఇంత సంతోషం దీనికి నిలుస్తుందా అని బెంగపడేదాన్ని.

అయిదో రోజు వానలో, దిగుడు రోడ్డు మీద బ్రేకు తొక్కితే బండి ఒక పక్కకి లాగేసి గోడని గుద్దింది. గాజంతా పొడైపోయింది. నా కూతురి కుడి మణికట్టు విరిగింది.

అతనే వెళ్ళి డ్రమ్ము విప్పాడు. ఆ పక్క బ్రేకు షూలు నూనెలో నానిపోయి ఉన్నాయట. పాడైన సీలుని అరచేతిలో పెట్టుకుని ఆస్పత్రి వరండాలో నా ముందు నిలబడ్డాడు. రబ్బరు అంచు మీద గోరంత గీత.

"తప్పు నాదేనండీ."

ఆ గీత ఎప్పుడు పడిందో నాకు తెలుసు. తెలిసీ ఆ మాట అనలేదు. "ఇంక మా అమ్మాయి జోలికి రాకు," అని మాత్రం అన్నాను.

తలూపి వెళ్ళిపోయాడు. బండి మళ్ళీ బాగుచేసి, మేం లేనప్పుడు ఇంటి ముందు పెట్టి పోయాడు. అంతే. మా అమ్మాయి ఎడమ చేత్తో ఫోను చేస్తుంది. మోగి మోగి ఆగిపోతుంది. మెసేజులు చదువుతాడు, జవాబుండదు. ఇరవై రోజులు అలాగే గడిచాయి. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేది. మాటకి మాట అంటించే పిల్ల, ఏమడిగినా "ఊఁ" అనేది. ఇక ఇది మళ్ళీ నవ్వదు, చేతులారా నేనే చేశాను అని కుమిలిపోయాను.

ఓ పొద్దున నేను దానికి జడ వేస్తుంటే, "నేను అక్కర్లేదనుకున్నాడమ్మా," అంది.

ఇక దాచలేకపోయాను. కేక, టార్చ్, వరండా, అన్నీ చెప్పేశాను.

సగం వేసిన జడని నా చేతిలోంచి లాక్కుంది. తిడుతుందనుకున్నాను. "చెప్పులేసుకో," అంది.

షెడ్డులో అతను ఒక వ్యాను కింద పడుకుని పని చేస్తున్నాడు. మోకాళ్ళ నుంచి కిందికే కనబడుతున్నాడు. ఆ కాళ్ళతోనే చెప్పుకున్నాను.

"బాబూ, నేను అరిచినందుకే ఆ రోజు నీ చెయ్యి జారింది. టార్చ్ వెయ్యనీకుండా తొందరపెట్టిందీ నేనే. అన్నీ తెలిసి నింద నీ మీదే ఉంచాను. నన్ను ఏమన్నా పడతాను."

లోపల స్పానర్ చప్పుడు ఆగింది.

మా అమ్మాయి నేల మీద చతికిలబడింది.

"విన్నావుగా. ఇప్పుడు నేనడుగుతాను. ఫోనెందుకు ఎత్తవు? నేనంటే ఇష్టం లేకా, భయమా? ఇష్టం లేదంటే లేదని చెప్పెయ్. ఇంటికెళ్ళి ఏడ్చుకుంటాను. మోగే ఫోను చెవికి పెట్టుకుని కూర్చోవడం ఇంక నావల్ల కాదు."

ఒక బూటు కదిలి, మళ్ళీ నిశ్చలమైంది. వీధిలో ఏదో బండి హారన్ కొట్టుకుంటూ పోయింది. మా అమ్మాయి కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. ఇక జవాబు రాదని, లేవదీద్దామని దాని భుజం పట్టుకున్నాను.

"భయం," అన్న మాట వ్యాను కింద నుంచి వచ్చింది. ఆ వెనకే, "ఇష్టం లేక కాదు."