తెల్ల గోడ ముందు అరవైసార్లు

వచ్చిన మొదటి రోజే కొత్త కోచ్, మెహ్రెజ్ బల్ల మీదున్న గుళ్ల డబ్బా తీసి తన సంచిలో వేసుకుంది. మూడు వారాల దాకా వాటితో పని లేదంది.

మెహ్రెజ్‌కి ఒళ్లు మండింది. రేవు పట్నం బిజెర్తాలోని షూటింగ్ క్లబ్బులో నాలుగేళ్లుగా ఎయిర్ పిస్టల్‌కి అతని తర్వాతే ఎవరైనా. ఈవిడేమో, పేరు ఎమ్నా, భుజానికి ఆపరేషనయ్యాక పోటీలు మానేసి సూసా ఊరి నుంచి వచ్చింది. వయసులో అతనికంటే ఏడాది పెద్దదేమో, అంతే.

"గుళ్లు లేకుండా దేన్ని కాల్చమంటారు?"

"ఆ గోడని."

ఎదురుగా సున్నం కొట్టిన తెల్ల గోడ. దానిమీద టార్గెట్ గుండ్రాలు లేవు, చుక్క కూడా లేదు. ఖాళీ పిస్టల్ ఎత్తాలి, ఊపిరి సగం వదిలి ఆపాలి, గురి చూసే సైట్ కదలకుండా ట్రిగ్గర్ మెల్లగా నొక్కాలి. టక్‌మన్నాక కూడా చెయ్యి దించకుండా మూడు లెక్కపెట్టాలి. అలా రోజుకి అరవైసార్లు. క్లబ్బులో వాళ్లు గోడ చచ్చిందా అని అడిగేవారు. ఇంకా కొనఊపిరితో ఉందనేవాడు మెహ్రెజ్.

మూడు వారాలయ్యాక డబ్బా తిరిగొచ్చింది. కానీ టార్గెట్ కాగితాన్ని వెనక్కి తిప్పి పెట్టింది ఎమ్నా. పాయింట్లు చూసుకోవద్దు, గుళ్లన్నీ ఒక్కచోట పడుతున్నాయో లేదో చూసుకోమంది. ప్రతి గుండూ ఎటు పోయిందో చూడకముందే ఊహించి నోట్‌బుక్‌లో రాయమంది. నెల తిరిగేసరికి అతని పది గుళ్లూ ఒక ఆలివ్ గింజ కప్పేంత చోట్లోకి వచ్చేశాయి.

ప్రాక్టీసయ్యాక ఇద్దరూ రేవు పక్కనున్న కొట్లో వేడివేడి శనగల పులుసు, లబ్లబీ, తినేవారు. ఆవిడ హరీసా కారం గరిటెడు వేసుకుని చెమటలు కక్కుతూ తినేది. చూస్తున్న ఇతనికి కళ్లలో నీళ్లు తిరిగేవి. కారం ఘాటుకే ఏడ్చే మనిషికి గుండె ధైర్యం ఎలా నేర్పాలని బెంగపడేదావిడ. వాన పడితే ఇంకాసేపు కూర్చునేవారు. ఆ చలికాలం బిజెర్తాలో వానలు బాగానే పడ్డాయి.

జాతీయ జట్టు ఎంపికకి ఇంకా నెలన్నర ఉందనగా అతని చెయ్యి వణకడం మొదలైంది.

మెహ్రెజ్ నాన్న సాలెం రేవు వీధిలో మంగలి. నలభై ఐదేళ్లకి ఆయన కుడిచెయ్యి ఇలాగే వణికింది. ఒకరోజు గడ్డం గీస్తుంటే కత్తి ఒకాయన చెవికి తగిలింది. ఆ సాయంత్రమే కొట్టు మూసేశాడు, మళ్లీ తెరవలేదు. మెహ్రెజ్‌కి ఇరవై ఎనిమిదే. నాన్న జబ్బే తనకీ వచ్చిందనుకుని ఎవరికీ చెప్పలేదు. జలుబని రెండు రోజులు, కళ్లజోళ్ల షాపులో పనని రెండు రోజులు క్లబ్బు రేంజికి ఎగ్గొట్టాడు.

ఎమ్నా అతని నోట్‌బుక్ తిరగేసింది. ఒంటరిగా కాల్చిన పొద్దుటి లెక్కలన్నీ బాగున్నాయి. తను వెనక నిలబడిన సాయంత్రాలన్నీ పాడయ్యాయి. తనంటే ఇతనికి గిట్టదనుకుంది. ఆదివారం నుంచి నీ దగ్గర పాత కోచ్ హబీబ్ గారు నిలబడతారని, మొహం చూడకుండా చెప్పేసి వెళ్లిపోయింది.

తన జబ్బు ఆవిడ కంటపడిందని, అందుకే వదిలేసిందని మెహ్రెజ్ అనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే రాజధాని ట్యూనిస్ బండెక్కి నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాడు.

డాక్టరు అతని చేతులు చాపించాడు, కాగితం మీద సుడిలా చుట్టలు గీయించాడు, నడిపించాడు. టీ గ్లాసు పట్టుకుంటే వణుకుతుందా అని అడిగాడు. లేదు. షాపులో? లేదు, రోజంతా కళ్లజోళ్లకి చిన్న చిన్న మరలు బిగిస్తూనే ఉంటాడు. మరి ఎక్కడ? రేంజిలో, సాయంత్రాలు. అప్పుడు పక్కన ఎవరుంటారు?

ఎమ్నా, అన్నాడు మెహ్రెజ్. అన్నాక తనకే అర్థమైంది.

డాక్టరు మందులచీటీ పక్కకి నెట్టి, నీకు ఏ జబ్బూ లేదు, ఇంటికెళ్లమన్నాడు. బయట వాన. గొడుగు లేదు. నలుగురూ చూస్తుండగా రోడ్డు మీద నిలబడి నవ్వాడు, కాసేపు ఏడ్చాడు కూడా.

తడి బట్టలతోనే క్లబ్బుకొచ్చేసరికి ఎమ్నా టార్గెట్ చట్రాలు సర్దుతోంది. డాక్టరు దగ్గరికెళ్లిన సంగతి చెప్పాడు, నాన్న సంగతి చెప్పాడు. ఆవిడ బెంచీ మీద కూలబడింది.

"నేనంటే నీకు పడదనుకున్నాను" అంది. "నేను నిలబడిన రోజులన్నిటికీ నోట్‌బుక్‌లో గుర్తు పెట్టాను, చూడు."

"లెక్క సరిగ్గానే కట్టారు. కారణమే తప్పు. మీరు వెనకుంటే నాకు టార్గెట్ గుర్తుండదు. మీరే గుర్తుంటారు."

ఎమ్నా మొహం చూరు నీళ్ల వైపు తిప్పుకుంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఈ ముక్క నెల కిందటే చెప్పుంటే నేను ఇన్ని రాత్రులు నిద్ర మానుకునేదాన్ని కాదు కదా" అంది. తర్వాత లేచి అతని వెనక్కి వచ్చి నిలబడింది. "పిస్టల్ తియ్యి. రోజూ నలభై గుళ్లు, నేనిక్కడే ఉంటాను. అలవాటయ్యేదాకా."

"అలవాటయ్యాక వెళ్లిపోతారా?"

"'మీరు' మానేస్తే చెప్తాను."

మొదటి గుండు ఎటు పోయిందో ఇద్దరూ రాయలేదు.

ఎంపికలో అతను మూడోవాడిగా వచ్చాడు, జట్టుకి అది సరిపోయింది. ఎంపికయ్యాకే ఇంట్లో డాక్టరు మాట చెప్పాడు. అమ్మ జొహ్రా పొయ్యి కట్టేసి వచ్చి కొడుకు కుడిచెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుంది. ఏళ్ల తరబడి రోజూ పొద్దున్న వాడు టీ తాగుతుంటే గ్లాసు వంకే చూస్తున్నానని అప్పుడు చెప్పింది. తర్వాత కళ్లు తుడుచుకుని, ఆ అమ్మాయిని శుక్రవారం భోజనానికి పిలవమంది.

సాలెం కొట్టు మూసినప్పటి నుంచి బయటివాళ్ల ముందు తినడు. ఆ శుక్రవారం కూడా తన గోధుమరవ్వ కుస్కుస్ పళ్లెం లోపలికి పంపమన్నాడు. ఎమ్నా తన పళ్లెం తీసుకుని ఆయన వెనకే వెళ్లింది. ఆయన పక్కనే చాప మీద కూర్చుని, ఎంపిక రోజు మెహ్రెజ్ ఆఖరి గుండు దగ్గర ఎంతసేపు ఊపిరి బిగబట్టాడో చెప్పడం మొదలుపెట్టింది. సాలెం వింటూ వింటూ చెంచా అందుకున్నాడు. సగం చాప మీదే ఒలికింది. ఆవిడ కథ ఆపలేదు. ఆయన రెండోసారి వడ్డించమన్నాడు.