బదులు తట్టిన స్తంభం

ఒరేయ్ సల్మాన్, ఆటో పక్కన పెట్టి ఈ అరుగు మీద కూర్చో. భలే వెడల్పురా నీ భుజాలు! నే చెప్పేదాంట్లో ఆవగింజంత అబద్ధం ఉంటే నాకు మిగిలిన రెండు పళ్లూ ఇక్కడికిక్కడే రాలిపోతాయి.

మా మేడ మీద అద్దెకుంటున్న కృష్ణకుమారి తెలుసుగా, రోడ్ల ఇంజినీరు. పోయిన వారం సాయంత్రం కారంపూడి అవతల వాగు మీద వంతెన కిందికి దిగింది. నేను కాపురానికొచ్చిన ఏడు కట్టిన వంతెన అది. పగుళ్లంటావా, ఒక్కోదాంట్లో దున్నపోతు దూరితే తోక కూడా కనపడదు! రాకపోకలు ఆపాలా వద్దా, ఆ పూటే తేల్చాలి. కాసేపట్లో వచ్చే నరసరావుపేట బస్సులో ఆమె కూతురు నిహారిక ఉంది.

పైన ఇంకా వెలుతురే. వంతెన కింద మాత్రం చీకటి చిక్కబడింది. పాచి వాసన, గబ్బిలాల కంపు. ఎక్కడో నీటిచుక్కలు పడుతున్న చప్పుడు. ఆమె చిన్న సుత్తి తీసి నడిమి స్తంభం మీద తట్టింది. కాంక్రీటు గట్టిదైతే ఖంగుమంటుంది, లోపల డొల్లైతే కుండలా మోగుతుంది. అదీ వాళ్ల పరీక్ష.

టక్.

కుండలా మోగింది. ఆమె చెయ్యి దించింది.

టక్...

లోపల్నుంచి.

పగులుకి చెవి ఆనించింది. చెంపకి వెచ్చటి గాలి తగిలింది. బీడీ వాసన... తన చప్పుడే తిరిగొచ్చిందేమోనని ఇంకోసారి తట్టింది.

"అయ్యో, బదులు తట్టావేందమ్మా!"

గేదెల్ని ఇంటికి మళ్లిస్తున్న హన్నమ్మ, ఆ పక్క పల్లెలో ముసలామె.

"లోపల ఎవరు?"

"మా ఆయన దానియేలు." హన్నమ్మ గొంతు తగ్గించింది. "ఈ స్తంభం పోసిన రోజు తట్ట మోస్తా ఉన్నాడు. మళ్లీ కనపళ్లా. పారిపోయాడన్నాడు మేస్త్రీ. మా కూలోళ్లలో, అలిసినోడు తట్ట అంచు మీద తడతాడమ్మా. బదులు తట్టినోళ్లు బరువు అందుకోవాల. అప్పట్నించీ తడతానే ఉన్నాడు. నేను వింటా కూర్చుంటా గానీ... తట్టే ధైర్యం చాల్లేదు."

పైన హారన్. బస్సు!

కృష్ణకుమారి పరిగెత్తబోయింది. కాళ్లు కదల్లేదు. స్తంభంలో ఎవరో పొడుగ్గా ఊపిరి వదిలారు. వంతెన నడుము జానెడు కుంగింది. పెచ్చులు జలజలా రాలాయి. "నిహా..." అని అరవబోయింది.

ఆగింది.

బరువంతా ఆమె భుజాల మీద ఆగింది. మోకాళ్లు వంగాయి. పైన ఆడపిల్లల నవ్వులు... చక్రాలు ఒక్కొక్కటే ఆమె మెడ మీదుగా దొర్లిపోయాయి.

హన్నమ్మ స్తంభాన్ని అరచేత్తో నిమిరింది. "పోయాడు..." అంది గుసగుసగా.

వంతెన మూయించింది కృష్ణకుమారి. డ్రమ్ములు అడ్డం పెట్టారు. అయితే ఏం, సున్నం లారీలోళ్లు చుట్టూ తిరగలేక డ్రమ్ములు పక్కకి నెట్టి పోతానే ఉన్నారు. లారీ ఎక్కినప్పుడల్లా ఇక్కడ మేడ మీద అన్నం ముందు కూర్చున్న మనిషి నేలకి వంగిపోద్ది. మొన్నటిదాకా గుమ్మం తలకి తగిలే పొడుగు మనిషిరా! ఇయ్యాల తలుపు గడియ అందటం లేదు.

పొద్దున్నించీ పైన ఒకటే చప్పుడు. టక్... టక్... విన్నావా?

నిహారిక కాలేజీకి పోయింది. నా మోకాళ్లా మెట్లెక్కవు. ఇదిగో నాయనా, ఈ గంజి గిన్నె పైకి ఇచ్చిరా. తలుపు వేసుంటది. లోపల్నుంచి చప్పుడైతే బెదరమాక. మర్యాదగా, ఓసారి తట్టు.