దయానందం చెప్పిన నర్సింగు సీటు

సోమవారం దయానందానికి బి షిఫ్టు. మధ్యాహ్నం దాకా స్టీల్‌ప్లాంటుకి వెళ్ళక్కర్లేదు కాబట్టి, గాజువాకలో తన ఇంటి అరుగు మీద కూర్చుని తీరిగ్గా టీ తాగుతున్నాడు. లోపల భార్య సుగుణ దోసెలు వేస్తుంటే, సెలవులకు వచ్చిన కూతురు దీనా వేసినవి వేసినట్టే తినేస్తోంది. అంతకంటే హాయి ఏం కావాలి ఏ ఇంటికైనా? కానీ గేటు చప్పుడైనప్పుడల్లా ఈ పెద్దమనిషి గుండె గుబుక్కుమంటోంది. అదంతా చేజేతులా తెచ్చుకున్న గుబులు.

దీనా చెన్నైలో సినిమా నిర్మాణం నేర్పే కాలేజీకి దరఖాస్తు పెడతానన్నప్పుడు ఆయన నాలుగు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఐదో రోజు సంతకం పెట్టాడు. ఇంటర్వ్యూకి వెంట వెళ్ళి, గేటు బయట ఎండలో మూడు గంటలు నిలబడ్డాడు. అంతవరకూ మంచి తండ్రే. కానీ ఇరవై ఏళ్లుగా చర్చిలో సంఘపెద్ద కూడా. "సినిమా హాలు గడప తొక్కకండర్రా" అని యవ్వనస్తుల కూడికలో ఎంతమంది పిల్లల దగ్గర మాట తీసుకున్నాడో లెక్కలేదు. సీటు వచ్చిన ఆదివారం పాస్టరుగారు మైకులో "ఏం సీటు అన్నా?" అని అడిగేసరికి, "నర్సింగండి" అని నోటికి వచ్చేసింది. సంఘమంతా చప్పట్లు కొట్టి స్తోత్రాలు చెప్పింది. ఆడింది ఒక్క అబద్ధమే అయినా, ఏడాదిగా దాన్ని రోజూ మేపాల్సి వస్తోంది.

గేటు చప్పుడైంది. పక్కవీధి ఆరోగ్యమ్మ. కుంటుకుంటూ వస్తోంది.

"నర్సమ్మ వచ్చిందటగా! ఏదీ నా బంగారం?" అంటూ అరుగు మీద చతికిలబడి, కాలికి చుట్టుకున్న పాతగుడ్డ విప్పింది. బొటనవేలు వాచి, గోరు చుట్టూ నల్లబడి ఉంది.

దీనా చెయ్యి కూడా కడుక్కోకుండా బయటికి వచ్చింది.

"పదిరోజులైంది తల్లీ. నాకు సుగరుంది కదా, మానట్లేదు. ఆస్పత్రికి రమ్మని నా కొడుకు సంపేత్తన్నాడు. ఎల్తే ఏలు కోసేత్తారు. నువ్వు సూసి ఏదో ఆయింట్‌మెంటు సెప్పు, సాలు. నువ్వొద్దంటే నానెల్లను."

దీనా తండ్రి వైపు చూసింది. ఆయన తేలు కుట్టిన దొంగలా టీ గ్లాసులోకి చూస్తూ, "ఏదో ఒకటి సెప్పమ్మా. పిన్ని అంత ఆశగా వచ్చింది," అన్నాడు.

"ఒక్క నిమిషం మామ్మా," అని దీనా లోపలికి నడిచింది. ఆయనా వెనకాలే వెళ్ళాడు. సుగుణ అప్పటికే పొయ్యి కట్టేసి నిలబడి ఉంది.

"నాన్నా, ఏడాదిగా చర్చిలో ఎవరేం అడిగినా తలాడించాను. నిన్న బీపీ చూడమంటే మిషను తేలేదని తప్పించుకున్నాను. అంతా నీ పరువు కోసమే. ఆ వేలు చూశావా? దాని దగ్గర నేను అబద్ధం ఆడలేను."

"ఆస్పత్రికి ఎల్లమని సెప్పు. నర్సులు సెప్పరా ఏటి?"

"చెప్తాను, వెళ్తుంది. రేపు ఇంకెవరో పసిపిల్లకి జ్వరమని ఎత్తుకొస్తారు. అప్పుడేం చెయ్యను?" అంది దీనా. "నేనేమైనా తప్పు చేశానా నాన్నా? అంతమందిలో నాకు సీటొచ్చింది. అది చెప్పుకోడానికి నీకు నోరు రాలేదు."

"సీటొచ్చిన ఆదివారం ప్రార్థన సేయించుకోడానికి అందరిముందూ నిలబడ్డారు కదా," అంది సుగుణ. "ఇప్పుడెల్లి ఆవిడ ముందు నిలబడండి. నానైతే ఆ ముసలమ్మ మొకం సూడలేను."

 ఇన్నాళ్ళూ సంఘంలో తల ఎలా ఎత్తుకోవాలనే దయానందం బెంగ. ఇప్పుడు సొంత వంటగదిలో కన్నకూతురి కళ్ళలోకి చూడలేక గోడకున్న క్యాలెండరు చూస్తున్నాడు. అంత సిగ్గు ఆయన పుట్టాక ఎన్నడూ పడలేదు. బయటికి వచ్చి, అరుగు మీద కాకుండా ఆరోగ్యమ్మ కాళ్ళ దగ్గర నేలమీద కూర్చున్నాడు.

"పిన్నీ, అది నర్సు సదవట్లేదు. నాను అబద్ధం సెప్పాను."

ఆమెకి మొదట బుర్రకెక్కలేదు. రెండోసారి చెప్పాక ముఖం మాడిపోయింది.

"ఏటిరా ఇది! దాని నర్సింగు పరీచ్చల కోసం ఏడాదిగా పెతీ సుక్కురోరం ఉపాసముండి ప్రార్థన సేత్తన్నాను. సుగరున్నోళ్ళు పస్తులుండకూడదని డాక్టరు తిట్టినా మాన్లేదు."

దయానందం ఆ వేలు చూశాడు. ఆ పైన తల ఎత్తలేకపోయాడు.

ఈలోగా దీనా ఫోనులో పని మొదలుపెట్టింది. షుగరు డాక్టరుకి ఫోనుచేసి టోకెను రాయించింది. ఆటో పిలిచి, వేలు దక్కాలంటే ఇప్పుడే వెళ్ళాలని ముసలావిడని ఒప్పించింది. ఆరోగ్యమ్మ కొడుకుని పాత చీటీలన్నీ పట్టుకుని నేరుగా ఆస్పత్రికే రమ్మంది. ఎవరు ఎప్పుడు ఎక్కడుండాలో చూసుకోవడమే ఆ కాలేజీలో ఆమె ఏడాదిగా నేర్చుకుంటున్న చదువు. పావుగంటలో అందరూ ఆటోలో ఉన్నారు.

డాక్టరు పుండు శుభ్రం చేసి కట్టు కట్టాడు. వేలు దక్కిందనీ, ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే పాదం దాకా పాకేదనీ చెప్పి, ఉపవాసాలు మానకపోతే మళ్ళీ తన దగ్గరికి రావద్దన్నాడు.

బయట బెంచీ మీద దయానందం తువ్వాలుతో కళ్ళొత్తుకుంటున్నాడు. ఆరోగ్యమ్మ కట్టు కట్టిన కాలు ఈడ్చుకుంటూ వచ్చి ఆయన పక్కన కూర్చుంది. తర్వాత మోచేత్తో పొడిచింది.

"మరి అది ఏటి సదువుతంది?"

ఆయన తల తిప్పి చూశాడు. చుట్టూ పదిమంది రోగులు. ఎదుటి బెంచీలో సంఘంవాళ్ళే ఇద్దరున్నారు.

"సెప్పరా. ఇన్నాళ్ళూ దేవుడికి తప్పుడు అడ్రసిచ్చి అడిగాను. ఇకన పస్తులుండను గానీ, అడగడం మానను. ఏటని అడగమంటావు?"

అప్పుడే దీనా మందులు పట్టుకుని వచ్చింది. చదువన్న మాట చెవిన పడగానే, ఏడాదిగా అలవాటైపోయినట్టు, తల దించుకుని నేల చూసింది. దయానందం అది చూశాడు. తన బిడ్డకి ఆ తల దించుకోవడం నేర్పింది ఎవరో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేకపోయింది. లేచి నిలబడ్డాడు.

"సినిమా, పిన్నీ," అన్నాడు. ఎదుటి బెంచీ వైపు తిరిగి, అందరికీ వినపడేలా మళ్ళీ అన్నాడు. "నా కూతురు సినిమాలు తియ్యడం నేర్సుకుంతంది."

ఎదుటి బెంచీవాళ్ళు మాటలాపి చూశారు. దీనా కూడా తలెత్తి చూసింది. ఆయన కళ్ళు తుడుచుకోలేదు, కూర్చోనూ లేదు.