మిస్సమ్మగారి కుంకుడుకాయ

మిస్సమ్మగారు బిస్కెట్ల డబ్బా మూత తీసేసరికి క్లాసంతా మెడలు చాచింది. చిలకమ్మ కూడా మెడ చాచింది. కాకపోతే కిటికీ వైపు.

పాపం, దాని చెవులు రేవు మీద ఉన్నాయి. కళింగపట్నం నుంచి రావలసిన ఓడ ఇంకా రాలేదు. సముద్రంలో తుపాను పట్టిందట. ఆ ఓడలో మామ్మకి కుంకుడుకాయల మూట రావాలి. రేపు తెల్లవారితే దీపావళి తలంటు. మూట రాకపోతే మామ్మని పట్టడం ఎవరి తరమూ కాదు.

ఇదంతా జరిగింది రంగూన్‌లో, చిమిండైంగ్ బజారు వెనక ఉన్న ఆడపిల్లల బడిలో. మీ తాతల తాతలు చిన్నపిల్లలుగా ఉన్న రోజుల మాట. రంగూన్‌ని మనవాళ్ళు రంగం అనేవారు. ఓడెక్కి వెళ్ళి, రేవులో బస్తాలు మోసి, అక్కడే కాపురాలు పెట్టుకున్నవాళ్ళు ఎంతోమంది. చిలకమ్మ నాన్న గోవిందు కూడా రేవులోనే పనిచేసేవాడు. చిలకమ్మ అక్కడే పుట్టింది. మన దేశం ఎలా ఉంటుందో దానికి తెలియదు.

మిస్సమ్మగారి పేరు మిస్ హోల్డెన్. ఇంగ్లండులో ఒక చిన్న పల్లెటూరు ఆవిడది. రంగూన్ రాకముందు విశాఖపట్నంలో ఒక పంతులుగారి దగ్గర తెలుగు నేర్చుకున్నారు. అందుకని ఆవిడ మాట్లాడితే అచ్చం పుస్తకం చదివినట్టుండేది.

"బాలికలారా, ఇది మా గ్రామపు వంతెన" అంటూ డబ్బాలోంచి ఒక ఫోటో తీసి చూపించారు. "రాతిమీద ఈ గీతలు చూచితిరా? ఏ సంవత్సరము వరద ఎంత ఎత్తు వచ్చినదో ఈ గీతలు చెప్పును. వచ్చే వారము మీరును మీ మీ ఊరి సంగతులు చెప్పవలెను."

తర్వాత డబ్బాలోంచి ఇంకోటి తీశారు. సరిగ్గా అప్పుడే చిలకమ్మ ఇటు తిరిగింది. అదొక గుండ్రటి కాయ. ముదురు గోధుమ రంగులో నున్నగా మెరుస్తోంది. దారానికి వేలాడుతోంది.

"ఇది మా బడి ముందరి చెట్టు కాయ..." అని మిస్సమ్మగారు మొదలుపెట్టారు.

భోంయ్‌మని ఓడ కూత వినిపించింది. అంతే, చిలకమ్మ మనసు కిటికీలోంచి దూకి రేవుకి పరిగెత్తింది. ఆ తర్వాత మిస్సమ్మగారు చెప్పింది ఒక్క ముక్క కూడా దాని చెవిన పడలేదు. క్లాసంతా కిక్కురుమనకుండా వింటోందనీ, పక్కనున్న సూర్యావతి కళ్ళు తుడుచుకుంటోందనీ కూడా అది చూడలేదు. చివరికి చూస్తే కూత వేసింది మన ఓడ కాదు. అదేదో బియ్యం ఓడ.

బడి గంట కొట్టారు. "చిలకమ్మా, ఈ డబ్బాను నా గదిలో బల్లపై పెట్టుము" అన్నారు మిస్సమ్మగారు.

వరండాలో నడుస్తూ చిలకమ్మ మూత తీసి చూసింది. కాయని పట్టుకుని నొక్కింది. వాసన చూసింది. కుంకుడుకాయే! సందేహం లేదు. దొరల ఊళ్ళో మనుషులు పొడుగు కదా, కాయలు కూడా పెద్దవే ఉంటాయి. దారం ఎందుకంటే, ఎండబెట్టడానికి కట్టి ఉంటారు.

మామ్మ వారం రోజులుగా ఒకటే గొణుగుడు. ఎదురింటి బర్మా ఆవిడ డా సెయిన్, వాళ్ళు తల రుద్దుకునే కింపూన్ కాయలు ఇస్తానంది. ఎంత చెప్పినా మామ్మ ఒప్పుకోలేదు. "పండగ పూట కుంకుడు పులుసు నేకపోతే అది తలంటేటి?" అంటుంది.

అడుగుదామని చిలకమ్మ వెనక్కి తిరిగింది. మిస్సమ్మగారు గేటు దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నారు. 'ఓడ రానీ, ఒకటికి పది ఇచ్చేస్తాను' అనుకుని కాయని పరికిణీ కుచ్చిళ్ళలో దోపుకుంది. చిలకమ్మది చెడ్డ బుద్ధి కాదు. సగం విని పరిగెత్తే బుద్ధి.

"ఓలమ్మో! ఇంత పెద్ద కుంకుడుకాయేటే!" మామ్మ సన్యాసమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఏ ఊరిదే ఇది?"

"మిస్సమ్మగారి ఊరిది."

"అయితే ఆళ్ళూ తలంటుకుంటారన్నమాట! అడిగే తెచ్చావేటి?"

"ఊఁ" అంది చిలకమ్మ. మామ్మ ముఖం వైపు మాత్రం చూడలేదు.

చిలకమ్మ దారం లాగేసి, కాయని రాతిమీద పెట్టి, రోకలి బండతో ఒక్కటిచ్చింది. కాయ ఫట్‌మని పగిలింది.

మామ్మ ముక్కలు కెలికి చూసింది. "పిక్క నేదేటే? నల్ల పిక్కుండాలి కదా?"

"దొరల ఊరి కాయ కదా మామ్మా!"

ఆ జవాబు ఇద్దరికీ నచ్చింది. మామ్మ దారం తీసి చూసి, "మంచి నూలు, పారీకు" అని వత్తుల పెట్టెలో దాచింది.

తెల్లవారుజామున వేడినీళ్ళలో ముక్కలు పిసికితే నురగ వచ్చింది. మామ్మ తల రుద్దుకుని, తడి జుట్టు విదుల్చుకుంటూ, "నురగొచ్చింది గానీ కళ్ళు మండనేదే! కుంకుడు పులుసన్నాక కాస్త మండాలి" అంది. అయినా పండగంతా నవ్వుతూనే ఉంది. చిలకమ్మకి తానేదో గొప్ప పని చేసినట్టే అనిపించింది.

సోమవారం బడికి వెళ్ళేసరికి బిస్కెట్ల డబ్బా బల్లమీద బోర్లించి ఉంది. మిస్సమ్మగారి ముఖం పాలిపోయింది.

"బాలికలారా, నా కాయను ఎవరైనను చూచితిరా?" అన్నారు. ఆవిడ చిలకమ్మ వైపు తిరిగారు. "నీవు డబ్బాను చక్కగా బల్లపైననే పెట్టితివి. నేనే మరల తీసి ఎచ్చటనో జారవిడిచియుందును."

ఆ మాటంటూనే మిస్సమ్మగారు తెల్లగౌను దుమ్ముకొట్టుకుపోతున్నా చూసుకోకుండా మోకాళ్ళమీద కూర్చుని బెంచీల కింద వెతకసాగారు. పిల్లలంతా దిగి వెతికారు. చిలకమ్మ కూడా వెతికింది. అక్కడ లేదని తెలిసీ వెతికింది.

"ఒక కాయకి ఇంత హడావిడేటే?" అని బెంచీ కింద సూర్యావతిని అడిగింది.

సూర్యావతి వింతగా చూసింది. "నువ్వు విన్లేదా? అది ఆవిడ తమ్ముడిదటే. వాళ్ళ ఊళ్ళో కాయలకి దారం కట్టి ఆడతారంట. ఒకళ్ళ కాయతో ఇంకొకళ్ళ కాయని కొట్టాలి. పగిలితే ఓడిపోయినట్టు. ఊరందరి కాయలూ పగిలినా ఇదొక్కటీ పగల్లేదంట. తమ్ముడు యుద్ధానికెళ్తూ దీన్ని అక్క చేతిలో పెట్టి, 'నే వచ్చేదాకా దాచు' అన్నాడంట."

"వచ్చాడా?"

"నువ్వు ఆ రోజు ఎక్కడున్నావే? రాలేదు."

ఊరందరూ కొట్టినా పగలని కాయ. చిలకమ్మ రోకలి బండతో ఒక్క దెబ్బకి పగలగొట్టింది. చెప్పేద్దామని నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుని పక్క బెంచీ కిందికి జరిగింది. సాయంత్రం గంట కొట్టాక కూడా మిస్సమ్మగారు బీరువా కింద చీపురుపుల్లతో కెలుకుతూనే ఉన్నారు.

ఇంటికి వెళ్ళేసరికి ఓడ వచ్చేసింది. నాన్న భుజాన మూట వేసుకొచ్చాడు. మామ్మ గుమ్మంలో కూర్చుని డా సెయిన్ దోసిట్లో కుంకుడుకాయలు పోస్తోంది. అవి చూడగానే చిలకమ్మ భోరుమంది.

"ఏటైందే? కాయలొచ్చీసాయి కదా, ఇప్పుడేడుస్తావేటి?"

చిలకమ్మ ఎక్కిళ్ళ మధ్య అంతా చెప్పేసింది. అడగకుండా తెచ్చిన సంగతి కూడా చెప్పింది. మామ్మ చెయ్యి మెల్లగా తన జుట్టు మీదికి వెళ్ళింది.

"ఆ బాబు కాయి... నా నెత్తిన పోసుకున్నానా?" అంది. తర్వాత, "మిస్సమ్మగారు కొడతారేటి?" అని అడిగింది.

"కొట్టరు. వెతుకుతున్నారు."

"నానొచ్చి సెప్పనా?"

"వద్దు మామ్మా. నేనే చెప్తాను."

మామ్మ వత్తుల పెట్టె తెరిచి దారం తీసి ఇచ్చింది. చిలకమ్మ దాన్ని వేలికి చుట్టుకుని మూట పక్కన కూర్చుంది. ఒక కుంకుడుకాయ వలిస్తే నల్లటి పిక్క బయటపడింది.

"ఇవి ఏ చెట్టువి మామ్మా?"

మామ్మ ఈ కథ ఎన్నోసార్లు మొదలుపెట్టింది. చిలకమ్మ ప్రతిసారీ సగంలో లేచిపోయేది. ఇవాళ కదల్లేదు. వాళ్ళ పెరట్లో కుంకుడు చెట్టుండేదట. పండగ ముందురోజు వీధి వీధంతా వచ్చి ఒళ్ళో కాయలు నింపుకుని వెళ్ళేదట. పిల్లలు ఈ పిక్కలతోనే ఆడుకునేవారట. కళింగపట్నం దీపస్తంభం వెలిగితే, అది రంగం ఓడలని పిలుస్తోందనుకునేవారట. ఆ పిలుపు ఒకరోజు మామ్మకే వచ్చింది. ఓడెక్కాక చెట్టు కోసం చూసిందిగానీ దీపమొక్కటే కనిపించింది.

మామ్మ చెప్పడం ఆపి చిలకమ్మ నుదురు తాకి చూసింది. "ఒంట్లో బాగుందా? ఇంతసేపు కూకున్నావేటి?"

"బాగుంది. మామ్మా, ఈ పిక్క నేను తీసుకోవచ్చా?"

"పిక్కకి కూడా అడగాలేటే?"

"అడగాలి" అంది చిలకమ్మ.

నాన్న కాల్చిన మేకుతో ఓపిగ్గా పిక్కకి బెజ్జం పెట్టి ఇచ్చాడు.

మర్నాడు గంట కొట్టకముందే చిలకమ్మ మిస్సమ్మగారి గదిలోకి వెళ్ళింది. ఆవిడ బల్ల సొరుగులన్నీ బయటికి లాగి వెతుకుతున్నారు.

"వెతకొద్దండి. నేనే తీశాను. కుంకుడుకాయనుకున్నాను. మా మామ్మ తలంటుకి పగలగొట్టేశాను. అడగలేదు. అడిగానని మామ్మకి అబద్ధం చెప్పాను. నిన్న మీకు చెప్పలేదు." ఒక్క ఊపిరిలో అనేసి కళ్ళు గట్టిగా మూసుకుంది.

కళ్ళు తెరిచేసరికి మిస్సమ్మగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటున్నారు.

చాలాసేపటికి, "నురగ వచ్చినదా?" అని అడిగారు.

"వచ్చిందండి. కళ్ళు మండలేదట. అందుకు మా మామ్మకి కొంచెం కోపం వచ్చింది."

మిస్సమ్మగారు నవ్వారు. నవ్వుతుంటే కన్నీళ్ళు జారిపోయాయి. "మా తమ్ముడు టామ్ ఇది వినియుండిన నేలపై దొర్లి నవ్వియుండును" అన్నారు. తర్వాత ముఖం తుడుచుకుని, "నాకు బాధగానున్నది, చిలకమ్మా. లేదని చెప్పను. కాని నీవు చెప్పకున్నచో నేను ఈ సొరుగులను ఎన్నాళ్ళు వెదకియుందునో!"

చిలకమ్మ పిడికిలి విప్పింది. "దారం మాత్రం ఉందండి. మామ్మ దాచింది."

మిస్సమ్మగారు దారం అందుకున్నారు. దాని కొసన చిన్న ముడి ఉంది. ఆ ముడిని వేలితో తడిమి చూశారు. "ఇది వాడు వేసిన ముడి" అన్నారు. "వానికి ముడులు వేయుట రాదు. నేను నవ్వెడిదానను."

చిలకమ్మ రెండో పిడికిలి కూడా విప్పింది. "ఇది మా మామ్మ ఊరి పిక్కండి. అడిగే తెచ్చాను."

మిస్సమ్మగారు నల్ల పిక్కని దారానికి పైనుంచి ఎక్కించారు. అది జారుతూ వెళ్ళి టామ్ వేసిన ముడి దగ్గర ఆగింది.

"నీ మామ్మగారి ఊరి సంగతులు చెప్పెదవా?"

"చెప్తానండి. మొత్తం విన్నాను. కానీ ముందు మీరు టామ్‌గారి కథ చెప్పండి. ఆ రోజు నేను వినలేదు. మొదటినుంచి చెప్పండి."

మిస్సమ్మగారు పక్కనున్న స్టూలు చూపించారు. చిలకమ్మ కూర్చుంది.

"మా బడి ముందర ఒక చెట్టుండెను. ఆకులు రాలు కాలమున టామ్ తెల్లవారకముందే లేచి..."

రేవులో ఓడ కూత వేసింది. పొడుగ్గా, కిటికీ అద్దాలు అదిరేలా.

చిలకమ్మ తల తిప్పలేదు.

"లేచి ఏం చేసేవాడండీ?" అంది.